టెర్మినల్ పూర్తయింది, బ్యాగుల సంగతేంటి?

2008 మార్చి 14న రెండు పెద్ద ప్రారంభోత్సవాలు ఒకేరోజు జరిగాయి. శంషాబాద్‌లో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయాన్ని సోనియా గాంధీ ప్రారంభించారు. లండన్ హీత్రూలో 5వ టెర్మినల్‌ను ఎలిజబెత్ రాణి ప్రారంభించారు. శంషాబాద్‌లో విమానాల రాకపోకలు నిజానికి మార్చి 16నే మొదలవ్వాలి. గ్రౌండ్ హ్యాండ్లింగ్ (విమానం నేల మీద ఉన్నప్పుడు సామాను ఎక్కించి దించడంలాంటి పనుల) రేట్లు మరీ ఎక్కువని కొన్ని విమాన సంస్థలు పేచీ పెట్టడంతో వారం వాయిదా వేసి 23న మొదలుపెట్టారు. హీత్రూలో అలాంటి వాయిదా ఏదీ లేదు. చెప్పిన తేదీకే, మార్చి 27 తెల్లవారుజామున, తలుపులు తెరిచారు.

430 కోట్ల పౌండ్ల ప్రాజెక్టు అది. బ్రిటన్ చరిత్రలోనే అతి సుదీర్ఘమైన నిర్మాణ అనుమతి విచారణను దాటుకుని వచ్చిన భవనం. గంటకు 12 వేల బ్యాగులు మోయగలదని చెప్పిన కొత్త వ్యవస్థ, దాని కింద కిలోమీటర్ల కొద్దీ కన్వేయర్ బెల్టులు. తీరా ఆదిలోనే హంసపాదు. తొలిరోజే 30కి పైగా విమానాలు రద్దయ్యాయి. సాయంత్రానికి చెకిన్ బ్యాగులు తీసుకోవడం ఆపేశారు. చేతి సంచీతో వచ్చినవాళ్లే విమానం ఎక్కగలిగారు. మొదటి పది రోజుల్లో రద్దయిన విమానాలు 500 దాటాయి, పేరుకుపోయిన బ్యాగులు 20 వేలు దాటాయి. వాటిలో కొన్నింటిని వేరుచేసి పంపేందుకు ఇటలీలోని మిలాన్‌కు తరలించాల్సి వచ్చింది. మొదటి వారానికే బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కు కోటీ 60 లక్షల పౌండ్లు చేతి చమురు వదిలింది.

బ్యాగేజీ మెషీన్ ఫెయిలైందని మర్నాటి పత్రికలు రాశాయి. తర్వాత బ్రిటిష్ పార్లమెంటు రవాణా కమిటీ ముందుకు వచ్చిన సంగతులు చూస్తే కథ వేరేలా కనిపిస్తుంది. బెల్టులు తిరిగాయి, మోటార్లు పనిచేశాయి. లోపించింది మరొకటి. టెర్మినల్ కట్టేవాళ్లూ, విస్తరించేవాళ్లూ టెండరులో కన్వేయర్ల పొడవు చూస్తారు, గంటకు ఎన్ని బ్యాగులో చూస్తారు, ధర చూస్తారు. ఇవన్నీ కలిసి పనిచేస్తున్నాయో లేదో సరిచూసుకునే నెలల్ని మాత్రం ఎవరూ విడిగా కొనరు. ప్రాజెక్టు ఆలస్యమైతే మొదట కోత పడేది ఆ నెలలకే.

ఇది ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే బ్యాగు వెనక ఒకసారి వెళ్లి రావాలి.

కౌంటర్‌లో బ్యాగు పిడికి చుట్టే కాగితపు ట్యాగు మీద బార్‌కోడు, దాని కింద 10 అంకెల నంబరు ఉంటాయి. మొదటి అంకె ట్యాగు రకాన్ని, తర్వాతి మూడు విమాన సంస్థను చెబుతాయి. మిగిలిన ఆరూ వరస నంబరు. బ్యాగు ఏ ఊరు వెళ్లాలో, ఏ విమానం ఎక్కాలో ఆ నంబరులో ఎక్కడా ఉండదు. ఆ వివరం విమాన సంస్థ కంప్యూటర్ నుంచి విడిగా ఒక మెసేజ్ రూపంలో విమానాశ్రయ బ్యాగేజీ వ్యవస్థకు రావాలి. ఈ నంబరున్న బ్యాగు ఫలానా ప్రయాణికుడిది, ఫలానా విమానానిది అని అందులో ఉంటుంది. బెల్టు మీద బ్యాగు ఒక దారిలో, తీగల మీద మెసేజ్ ఇంకో దారిలో వెళ్తాయి. రెండూ బ్యాగుల్ని విమానాలవారీగా వేరుచేసే సార్టర్ దగ్గర కలుసుకోవాలి.

కన్వేయర్ మీద ఒకచోట బ్యాగు చుట్టూ తోరణంలా స్కానర్లు బిగించి ఉంటాయి. ట్యాగు పైనున్నా, పక్కకు ఒరిగినా, కొన్ని చోట్ల అడుగున నలిగినా చదవాలన్నదే ఉద్దేశం. చదవలేకపోతే బ్యాగును పక్క దారికి మళ్లిస్తారు. అక్కడ ఒక మనిషి చేతి స్కానర్‌తోనో, కీబోర్డుతోనో నంబరు ఎక్కించి మళ్లీ బెల్టు మీదకు తోస్తాడు. నంబరు చదివినా దానికి సంబంధించిన మెసేజ్ రాకపోతే కూడా బ్యాగు చేరేది ఆ మనిషి దగ్గరికే. ప్రయాణికుడికి రెండింటికీ తేడా ఉండదు, బ్యాగు రాలేదంతే. ఇంజనీరుకు మాత్రం ఇవి రెండు వేర్వేరు జబ్బులు. మొదటిదానికి స్కానర్ తుడవాలి, ట్యాగు ప్రింటర్ మార్చాలి. రెండోదానికి బెల్టు మీద చేయగలిగింది ఏమీ లేదు. వందలో నాలుగైదు బ్యాగులొస్తే ఆ మనిషి నెగ్గుకొస్తాడు. ఇరవై వస్తే అతని వెనక వరస కట్టిన బ్యాగులు అసలు దారిలోకి తన్నుకొస్తాయి.

ఈ దారిలోనే భద్రతా తనిఖీ కూడా. పాత పద్ధతిలో చెకిన్ కంటే ముందే హాల్లో ఎక్స్‌రే మెషీన్ దగ్గర క్యూ కట్టి, బ్యాగుకు స్టిక్కరో, ప్లాస్టిక్ పట్టీనో వేయించుకునేవాళ్లం. ఇప్పుడు పెద్ద విమానాశ్రయాల్లో ఆ పని బెల్టు మీదే, ప్రయాణికుడి కంటపడకుండా జరిగిపోతుంది. మొదటి స్థాయిలో మెషీన్ తనంతట తానే నిర్ణయిస్తుంది. అనుమానమొచ్చిన బ్యాగు బొమ్మను ఒక స్క్రీనర్ చూస్తాడు. బ్యాగు బెల్టు మీద కదులుతుండగానే కొద్ది సెకన్లలో అతను తేల్చాలి. తేలకపోతే మరింత లోతైన తనిఖీ, చివరికి తెరిచి చూడటం. చిక్కటి తినుబండారాలు ఈ మెషీన్లకు చిక్కు తెస్తాయి, ఎందుకంటే వాటి సాంద్రత కొన్ని పేలుడు పదార్థాలకు దగ్గరగా ఉంటుంది. అమెరికా వెళ్లే కొడుక్కి ఆవకాయ, గోంగూర, సున్నుండలు సర్దిన పెట్టెలు వరసగా వచ్చే రాత్రివేళల్లో ఎన్ని బ్యాగులు రెండో స్థాయికి వెళ్తాయన్నది హైదరాబాద్‌లాంటి చోట తమాషాకి వేసే లెక్క కాదు, డిజైన్‌లో వేసుకోవాల్సిన లెక్కే. మరో దేశంలో కొలిచిన శాతాన్ని తెచ్చి ఇక్కడ అతికిస్తే స్క్రీనర్ల గదిలో కుర్చీలు చాలవు.

తనిఖీ దాటాక సార్టర్, అక్కడి నుంచి ఆయా విమానాల చూట్లు, అంటే బ్యాగులు జారి దిగే వాలు దారులు. నాలుగైదు గంటల ముందే వచ్చిన బ్యాగుల్ని చూటు మీద పెట్టలేరు, అందుకని వాటికో గోదాము ఉంటుంది. చూటు చివర లోడర్లు బ్యాగు ఎత్తి, స్కాన్ చేసి, కంటైనర్‌లోనో ట్రాలీలోనో సర్దుతారు. ఇంత ఆటోమేషన్ తర్వాత కూడా చివర్లో నడుం వంచేది మనిషే. ఈ చివరి అడుగు ఆగితే వెనక ఉన్నదంతా ఆగుతుంది. చూటు నిండుతుంది, బ్యాగు లోపలికి పోలేక సార్టర్ మీద మరో చుట్టు తిరుగుతుంది, తిరిగే బ్యాగులు ఎక్కువైతే కొత్త బ్యాగుకు చోటుండదు, చివరికి చెకిన్ కౌంటర్ దగ్గర బెల్టు ఆగిపోతుంది.

హీత్రూలో ఆ ఉదయం జరిగింది అచ్చంగా ఇదే. కొత్త చోట సిబ్బందికి కారు పార్కింగ్ దొరకలేదు. లోపలికి వెళ్లే తనిఖీ దగ్గర క్యూలు. లోపలికి చేరాక పని కేటాయించే కంప్యూటర్‌లోకి కొందరు లాగిన్ కాలేకపోయారు. ఎవరు ఏ విమానం దగ్గరికి వెళ్లాలో తెలియక లోడర్లు నిలబడిపోయారు. బ్యాగులు మాత్రం వస్తూనే ఉన్నాయి. చూట్లు నిండాయి.

దీనికి తోడు గోరుచుట్టుపై రోకటిపోటులా ఒక చిన్న సాఫ్ట్‌వేర్ పొరపాటు. ట్రయల్స్ జరిగేటప్పుడు ఉత్తుత్తి బ్యాగుల మెసేజ్‌లు హీత్రూలోని మిగతా నిజమైన కంప్యూటర్లలోకి పోకుండా ఒక ఫిల్టర్ పెట్టారు. అది సరైన జాగ్రత్తే. ప్రారంభం రోజు దాన్ని తీసేయడం మరిచారు. ఫలితంగా వేరే విమాన సంస్థల నుంచి దిగి బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఎక్కాల్సిన బ్యాగుల వివరాలు 5వ టెర్మినల్‌కు చేరలేదు. బ్యాగు వచ్చింది, ట్యాగు చదివారు, మెసేజ్ లేదు. గుర్తు తెలియని బ్యాగుగా లెక్కకట్టి వ్యవస్థ వాటన్నిటినీ చేత్తో వేరుచేసే చోటికి పంపింది. మెషీన్ తనకు చెప్పిందే చేసింది. మనుషులు అప్పటికే చాలడం లేదు, ఆ కొద్దిమంది మీదే ఈ బరువూ పడింది.

ఇవేవీ ముందే తెలియనంత వింత విషయాలు కావు. ప్రారంభానికి ముందు హీత్రూలో దాదాపు 15 వేల మంది వాలంటీర్లతో పదుల కొద్దీ ట్రయల్స్ చేశారు. అయితే 2007 సెప్టెంబరుకు పూర్తవ్వాల్సిన నిర్మాణ పనులు ఆ తర్వాత కూడా సాగాయి. భవనంలో కొన్ని చోట్ల మేస్త్రీలు ఉండగానే ట్రయల్స్ మొదలయ్యాయి, కొన్నింటిని కుదించారు, కొన్నింటిని వదిలేశారు. సిబ్బంది తాము పనిచేయబోయే చోటును తగినంత చూడనేలేదు. ప్రారంభ తేదీ మాత్రం కదలలేదు. ట్రయల్స్ విషయంలో రాజీపడ్డామని బ్రిటిష్ ఎయిర్‌వేస్ అధిపతి విల్లీ వాల్ష్ తర్వాత కమిటీ ముందు ఒప్పుకున్నారు. అది తెలిసి తీసుకున్న రిస్కే.

శంషాబాద్‌కు ఈ తలనొప్పి రాకపోవడానికి కారణం మనవాళ్లు మరీ తెలివైనవాళ్లు కావడం అనుకుంటే పొరపాటు. ఏడాదికి కోటీ 20 లక్షల మంది ప్రయాణికుల కోసం కట్టిన టెర్మినల్ అది, హీత్రూ 5 దాదాపు మూడు కోట్ల మందిది. పైగా అప్పట్లో హైదరాబాద్‌లో దిగి మరో విమానం ఎక్కే బ్యాగులు తక్కువ. చాలావరకు ఇక్కడ ఎక్కి వెళ్లేవి, ఇక్కడికి వచ్చి దిగేవి. బ్యాగేజీ వ్యవస్థకు అసలు పరీక్ష మారే బ్యాగులే. విమానయాన ఐటీ సంస్థ సీటా ఏటా ఇచ్చే లెక్కల్లోనూ అంతే, దారి తప్పే బ్యాగుల్లో అతి పెద్ద వాటా ఇలా మధ్యలో విమానం మారేవాటిదే.

మెషీనే నిజంగా చేతులెత్తేసిన ఉదంతం కావాలంటే అమెరికాలోని డెన్వర్ వెళ్లాలి. అక్కడి కొత్త విమానాశ్రయం 1993 అక్టోబరులో తెరుచుకోవాలి. తెరుచుకుంది 1995 ఫిబ్రవరి 28న. 16 నెలల జాప్యానికి ప్రధాన కారణం బ్యాగేజీయే.

మొదట యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన కాన్‌కోర్స్ (విమానాలు ఎక్కే విభాగం) కోసం మాత్రమే బీఏఈ ఆటోమేటెడ్ సిస్టమ్స్ అనే టెక్సస్ కంపెనీతో మాట్లాడుకుంది. తర్వాత నగర పాలక సంస్థకు ఆశ పుట్టింది, మొత్తం విమానాశ్రయానికీ అలాంటిదే కావాలని. 1991లో టెండర్లు పిలిస్తే వచ్చిన కంపెనీలేవీ 1993 అక్టోబరుకు పూర్తి చేయగలమని చెప్పలేదు. ఇంత సంక్లిష్టమైంది పెట్టుకోవద్దని నగరమే నియమించుకున్న సలహాదారు సంస్థ అంతకు ముందే హెచ్చరించింది. మ్యూనిక్ విమానాశ్రయం వాళ్లు తమ అనుభవం చెప్పారు. డెన్వర్‌దాని కంటే సులువైన వ్యవస్థకే రెండేళ్లు పరీక్షలు చేశామని, తెరవడానికి ముందు ఆరు నెలలు రాత్రింబవళ్లు నడిపి చూశామని. ఇన్ని విన్నాక కూడా 1992 ఏప్రిల్‌లో బీఏఈతో 20 కోట్ల డాలర్లకు దగ్గర్లో ఒప్పందం కుదిరింది. గడువు ఏడాదిన్నర.

ఒప్పందం నాటికే భవనం నమూనా ఖరారైంది, పనులు సాగుతున్నాయి. బ్యాగేజీ వ్యవస్థ తనకు కావలసిన చోటు అడిగే స్థితిలో లేదు, మిగిలిన సందుల్లో ఇమడాలి. ఇక్కడ వాడింది మామూలు బెల్టు కాదు. ఒక్కో బ్యాగుకు ఒక్కో చిన్న బండి, అలాంటి బండ్లు దాదాపు 4 వేలు, మైళ్ల పొడవు పట్టాల మీద పరుగు. బండి ఆగదు. బెల్టు చివర నుంచి బ్యాగును కదులుతున్న బండిలోకి విసరాలి, దించేటప్పుడూ అంతే. సొరంగంలో స్తంభాల మధ్య పట్టాలు ఇరుకైన మలుపులు తిరిగాయి, ఆ మలుపుల్లో బ్యాగులు ఎగిరిపడ్డాయి. బండి నిండుగా ఉందా ఖాళీగా ఉందా అని చూసే ఫొటో సెన్సర్లకు దుమ్ము పట్టినా, ఎవరో తగిలి పక్కకు తిరిగినా నిండిన బండిలోనే మరో బ్యాగు పడేది. అన్నిటికంటే మొండి సమస్య ఖాళీ బండ్లది. ఒకేసారి విమానాలు దిగే వేళ ఖాళీ బండ్లన్నీ ఒకవైపు పోతే మరోవైపు బ్యాగులు ఎదురుచూస్తూ ఉండిపోతాయి. వాటిని ముందే అంచనా వేసి పంపిణీ చేయాల్సిన సాఫ్ట్‌వేర్ ఆ పని చేయలేకపోయింది.

ఈలోగా విమాన సంస్థలు తమ కోరికలు మారుస్తూ పోయాయి. ఒకరు స్కీయింగ్ సామానుకు పెద్ద ఏర్పాటు కావాలన్నారు. యునైటెడ్ తన రెండు లూపుల్లో (బండ్లు తిరిగే పట్టాల చుట్లలో) ఒకటి తీసేస్తే 2 కోట్ల డాలర్లు మిగులుతాయని లెక్కేసింది. ఫలానా తేదీ తర్వాత డిజైన్‌లో మార్పులు ఉండవని ఒప్పందంలో రాసుకున్న షరతును ఎవరూ పట్టించుకోలేదు. 1994లో పత్రికల వాళ్లను పిలిచి ప్రదర్శన పెట్టారు. కెమెరాల ముందే సూట్‌కేసులు నలిగాయి, చిరిగాయి, బట్టలు పట్టాల మీద చెల్లాచెదురయ్యాయి. డెన్వర్ పేరు చెబితే ఇప్పటికీ అందరికీ గుర్తొచ్చేది ఆ దృశ్యమే. నిజానికి అది నవ్వుకోవాల్సిన ప్రదర్శనేమీ కాదు. ముందు ఏడాదే, గది తలుపులు మూసుకుని, ఇంజనీర్ల ముందు జరగాల్సిన వైఫల్యం అది. పరీక్షలకు టైమ్ లేకపోవడంతో ఊరందరి ముందూ జరిగింది.

చివరికి ట్రాక్టర్లూ, ట్రాలీలూ, మామూలు బెల్టులతో మరో వ్యవస్థను పక్కనే కట్టారు. దానికి నిర్ణయించిన నాటి అంచనాయే 5 కోట్ల డాలర్ల పైచిలుకు. ఆటోమేటెడ్ వ్యవస్థ ఒక్క కాన్‌కోర్స్‌లో, అదీ యునైటెడ్ బయలుదేరే విమానాలకు మాత్రమే పనిచేసింది. మెయింటెనెన్స్‌కే నెలకు 10 లక్షల డాలర్లు అవుతోందని 2005లో యునైటెడ్ దాన్ని కూడా ఆపేసింది.

డెన్వర్‌నూ, హీత్రూనూ కలిపి చూస్తే కామన్‌గా కనిపించేది క్యాలెండర్. బ్యాగేజీ హాల్ సాధారణంగా టెర్మినల్ అడుగున ఉంటుంది. పైకప్పు నీళ్లు కారకుండా ఉంటే తప్ప, కరెంటు స్థిరంగా వస్తే తప్ప, దుమ్ము తగ్గితే తప్ప కన్వేయర్ బిగించినవాళ్లు దాన్ని నడపలేరు. ఫొటో సెన్సర్‌కు సిమెంటు దుమ్ము పనికిరాదు. సివిల్ పని మూడు నెలలు వెనకబడితే బ్యాగేజీ వాళ్లకు మూడు నెలలు పోతాయి. తేదీ ప్రకటించేశారు కాబట్టి చివరన ఆ మూడు నెలలు కలవవు. ముందు ఒక్కో మోటారు, ఒక్కో బెల్టు. తర్వాత ఒక్కో లైను. తర్వాత అన్ని లైన్లూ కలిపి. ఆ తర్వాత విమాన సంస్థల కంప్యూటర్లతో కలిపి. చివరన లోడర్లు, స్క్రీనర్లు, కౌంటర్ సిబ్బందితో సహా పూర్తి రిహార్సల్. ఈ వరసలో మొదటి రెండూ కాంట్రాక్టరు చేతిలో ఉంటాయి, బిల్లు రావాలి కాబట్టి ఎలాగోలా జరుగుతాయి. కోత పడేది చివరి రెండింటికి. హీత్రూలో బయటపడిన రెండు జబ్బులూ, ఫిల్టరూ లాగిన్‌లూ, సరిగ్గా ఆ చివరి రెండు దశల్లో దొరకాల్సినవే.

పరీక్షకు వాడే బ్యాగుల సంగతి కూడా చెప్పుకోవాలి. చాలాచోట్ల వందల కొద్దీ ఒకే రకం సూట్‌కేసులు తెచ్చి వాటినే తిప్పుతారు. చతురస్రంగా, చక్రాలు సరిగ్గా ఉన్నవి, ట్యాగు నున్నగా అంటించినవి. వాటితో గంటకు ఇన్ని వేలని సర్టిఫికెట్ వచ్చేస్తుంది. నిజంగా వచ్చేవి అవి కావు. గల్ఫ్ నుంచి వచ్చే ప్రయాణికుడి అట్టపెట్టె చుట్టూ నైలాన్ తాడు నాలుగు వరసలు ఉంటుంది, దాని కొస వేలాడుతూ రోలర్ల సందులోకి పోతుంది. పాల ప్యాకెట్ కవర్‌లా జారిపోయే ప్లాస్టిక్ చుట్టిన సూట్‌కేసు ఏటవాలు బెల్టు మీద వెనక్కి జారుతుంది. పిల్లల కారు సీటు, దుప్పట్ల మూట, పట్టీలు వేలాడే వీపు సంచీ. వీటిలో కొన్నింటిని టబ్బులో పెట్టి పంపాలి, కొన్నింటిని అసలు బెల్టు ఎక్కించకుండా విడిగా పంపాలి. ఆ సంగతి తేల్చేది కౌంటర్‌లో కూర్చున్న ఉద్యోగి. టబ్బులు అయిపోయిన రోజు ఆ ఉద్యోగి ఏం చేస్తాడో ట్రయల్‌లో చూడకపోతే ప్రారంభం రోజు చూడాల్సి వస్తుంది.

ఇప్పటిదాకా చెప్పినవి రెండూ కొత్తగా కట్టిన చోట్లు. ఉన్న టెర్మినల్‌ను విస్తరించడం ఇంకో మెట్టు కష్టం, ఎందుకంటే పాతది ఆగకూడదు. పెళ్లి భోజనాలు వడ్డిస్తూనే వంటిల్లు మార్చడం లాంటిది. చివరి విమానం వెళ్లాక, మొదటి విమానానికి చెకిన్ మొదలయ్యేలోగా రాత్రి దొరికే మూడు నాలుగు గంటల్లోనే పాత లైనును తెంచి కొత్తదానికి కలపాలి. కలిపింది పనిచేయకపోతే తెల్లారేలోగా మళ్లీ పాతదానికి కలిపేయాలి. భారత్‌లో లండన్ కంటే ఒక చిక్కు ఎక్కువ. అర్ధరాత్రి దాటాకే గల్ఫ్, యూరప్ విమానాల రద్దీ. ఖాళీ సమయమని నమూనాలో రాసుకున్న గంటలే ఇక్కడ కిటకిటలాడతాయి. పైగా ఆ బ్యాగేజీ హాల్లోకి వెళ్లే ప్రతి కార్మికుడికీ పౌర విమానయాన భద్రతా బ్యూరో ప్రవేశ పాస్ కావాలి. పాస్ రాక ముఠా బయట కూర్చుంటే ఆ రాత్రి గడిచిపోయినట్టే.

శంషాబాద్ ఈ దారిలోనే నడిచింది. కోటీ 20 లక్షల సామర్థ్యంతో మొదలైన టెర్మినల్‌ను 3 కోట్ల 40 లక్షలకు పెంచారు, అదీ విమానాలు నడుస్తుండగానే. 2023-24లో రెండున్నర కోట్ల మంది ఆ విమానాశ్రయం నుంచి ప్రయాణించారు. మధ్యలో 2018లో అంతర్జాతీయ ప్రయాణికుల కోసం విడిగా తాత్కాలిక డిపార్చర్ టెర్మినల్ కట్టి, నాలుగేళ్ల తర్వాత వాళ్లను మళ్లీ ప్రధాన భవనంలోకి తెచ్చారు. తాత్కాలిక భవనం అంటే దండగ ఖర్చని చాలామందికి అనిపిస్తుంది. ప్రయాణికుల్లో ఒక భాగాన్ని పక్కకు తప్పిస్తే తప్ప అసలు భవనంలో ఊపిరి ఆడే చోటు దొరకదు. ఆ ఖర్చు పరీక్షల సమయాన్ని కొనుక్కోవడంలో భాగమే.

ఇలా తప్పించలేని చోట ఏమవుతుందో కూడా హీత్రూయే చూపించింది. 2014 జూన్ 4న అక్కడ కొత్త 2వ టెర్మినల్ తెరిచారు. 5వ టెర్మినల్ గుణపాఠం బాగానే పనిచేసింది. మొదటి రోజు ఒక్క యునైటెడ్ విమానాలే, ఆ తర్వాత నెలల తరబడి ఒక్కో సంస్థను కొంచెం కొంచెంగా మార్చారు. ప్రారంభం సాఫీగా జరిగిపోయింది. కానీ ఆ మెరిసే భవనానికి సొంత బ్యాగేజీ వ్యవస్థ లేదు. పక్కనున్న పాత 1వ టెర్మినల్ వ్యవస్థనే వాడుకున్నారు. 2015లో 1వ టెర్మినల్‌ను ప్రయాణికులకు మూసేశాక కూడా, దాని కింద బెల్టులు 2వ టెర్మినల్ బ్యాగుల్ని మోస్తూనే ఉన్నాయి. అవి నడవాలి కాబట్టి భవనాన్ని కూల్చలేరు, భవనం కూలిస్తే తప్ప విస్తరణ ముందుకు సాగదు. 2022 జూన్‌లో 2వ టెర్మినల్‌లో బ్యాగేజీ మొరాయించి బ్యాగులు గుట్టలు పడితే, 2, 3 టెర్మినళ్ల నుంచి ఒక రోజు నడిచే విమానాల్లో పదో వంతు రద్దు చేసుకోండని విమాన సంస్థలను హీత్రూ అడగాల్సి వచ్చింది. ఆ వేసవిలో సిబ్బంది కొరత కూడా తోడై లండన్‌లో సామాను ఎంతగా పేరుకుందంటే, డెల్టా ఎయిర్‌లైన్స్ ప్రయాణికులు లేకుండా వెయ్యి బ్యాగులతో ఒక విమానాన్ని డెట్రాయిట్‌కు నడిపింది. భవనం ముందు, బ్యాగేజీ తర్వాత అని వాయిదా వేస్తే ఆ వాయిదా పదేళ్లు దాటిపోగలదు.

భారత్‌లో ఇప్పుడు నియంత్రణ సంస్థల దృష్టి బ్యాగుల మీద పడింది, అది మంచిదే. ఇంజిన్ ఆగిన 10 నిమిషాల్లో మొదటి బ్యాగు, 30 నిమిషాల్లోపు చివరి బ్యాగు బెల్టు మీదకు రావాలని 2024 ఫిబ్రవరిలో ఏడు విమాన సంస్థలకు ఆదేశాలు వెళ్లాయి. అయితే ఈ గడియారం కొలిచేది దిగే బ్యాగునే. అక్కడ ఆలస్యానికి కారణం ఎక్కువగా ట్రాక్టర్లు, లోడర్లు చాలకపోవడం. విస్తరణలో కోట్లు ఖర్చయ్యేది ఎక్కే బ్యాగు దారిలో. అక్కడ ఎన్ని బ్యాగులు చదవకుండా పోయాయి, ఎన్నింటికి మెసేజ్ రాలేదు, ఎన్ని విమానం తప్పాయి అన్న లెక్కలు సామాన్యుడికి కనిపించవు. విమాన సంస్థలు బ్యాగును నాలుగు చోట్ల ట్రాక్ చేయాలని అంతర్జాతీయ విమాన రవాణా సంఘం 2018 జూన్ నుంచి తెచ్చిన నిబంధన వల్ల డేటా అయితే ఇప్పుడు పుట్టుకొస్తోంది. దాన్ని చూసి కాంట్రాక్టు రాసేవాళ్లు కావాలి.

కాంట్రాక్టు అనగానే మనవాళ్ల నోట మొదట వచ్చేది పెనాల్టీ. ఆలస్యమైతే రోజుకు ఇంతని రాస్తే కాంట్రాక్టరు దారిలో ఉంటాడన్నది నమ్మకం. డెన్వర్ మేయర్ వెల్లింగ్టన్ వెబ్ బీఏఈ మీద రోజుకు 12 వేల డాలర్ల పెనాల్టీ వేశారు. అదే సమయంలో ఖాళీగా పడి ఉన్న విమానాశ్రయం మీద వడ్డీలూ ఖర్చులూ కలిపి నగరానికి రోజుకు 10 లక్షల డాలర్లకు పైగా పోతున్నాయి. పెనాల్టీ మొత్తం వసూలైనా నష్టంలో నూటికి ఒకటి దాటి మరికాస్త, అంతే. పైగా కంపెనీ ఊరుకోలేదు, నగరమే తమకు బాకీ ఉందని ఎదురు లెక్క వేసింది. తప్పు ఎవరిదని తేల్చుకునే గొడవలో బ్యాగులు ఒక్క అడుగు కూడా ముందుకు కదలలేదు.

దానికంటే పనికొచ్చేది డబ్బు ఇచ్చే తీరు. కన్వేయర్ సైటుకు చేరగానే సింహభాగం చెల్లించేసి, చివరి పది శాతం సర్టిఫికెట్ మీద ఇచ్చేస్తే, ప్రారంభం రోజుకు కాంట్రాక్టరు మంచి ఇంజనీర్లంతా మరో దేశంలో మరో సైటులో ఉంటారు. దానికి బదులు చెల్లింపులో గట్టి వాటాను విమాన సంస్థల మెసేజ్‌లతో చేసే ఉమ్మడి పరీక్షకు, సిబ్బందితో జరిగే పూర్తి రిహార్సల్‌కు, తెరిచాక వచ్చే మొదటి పండుగ సీజన్‌కు ముడిపెట్టవచ్చు. దసరా, సంక్రాంతి, అమెరికా యూనివర్సిటీలు మొదలయ్యే ఆగస్టు. ఆ రద్దీలో చదవని ట్యాగుల శాతం ఎంత, ఏ చూటు ఎన్నిసార్లు నిండింది అన్న లాగ్ చూసి చివరి బిల్లు పాస్ చేస్తే చాలు. ట్రయల్స్ కుదిద్దామని ఎవరైనా అన్నప్పుడు వద్దనే మొదటి మనిషి కాంట్రాక్టరే అవుతాడు.